పార్కు రిసార్టులో సెలవు గడపాలంటే: కుటుంబాల అనుభవాలు, ఖర్చు తగ్గించే మార్గాలు

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలది ఒకటే గోల. "అబ్బా, ఈసారైనా వాటర్ పార్కుకు తీసుకెళ్తావా?" మూడేళ్ల క్రితం మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. అమ్మీ, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, ఆపా, ఆమె కొడుకు, మొత్తం ఏడుగురం బయల్దేరాం. టికెట్ల లెక్క ముందే వేసుకున్నాం. టికెట్లు దాటాక అయ్యే లెక్క మాత్రం వేయలేదు.

లోపలికి వెళ్లాక లాకరుకు ఒక ఖర్చు, నీళ్లలో దిగే బట్టల అద్దెకు ఒక ఖర్చు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చాయ్, ఐస్‌క్రీములు, ఫొటోలు. ఆ రాత్రి పక్కనే గది తీసుకున్నాం. ఇంటికొచ్చి చూస్తే టికెట్లకు పెట్టిన దానికంటే మిగతావాటికే ఎక్కువైంది. జేబులో డబ్బు చాలక క్రెడిట్ కార్డు గీకాను, తర్వాత దాన్ని వాయిదాల్లోకి మార్చాను. అది తీరడానికి ఏడు నెలలు పట్టింది. వడ్డీ జోలికి పోవద్దని పిల్లలకు చెప్పే ఇల్లు మాది. ఒక్క రోజు సరదా కోసం ఏడు నెలలు వడ్డీ కట్టాం.

అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. అమ్మీకి మోకాళ్ల నొప్పి. పెద్దల టికెట్ పూర్తి ధరకు కొన్నాం, ఆమె మాత్రం రోజంతా చెట్టు కింద బెంచీ మీద మా సంచులకు కాపలా కూర్చుంది. ఎవరికి ఏం కావాలో ఇంట్లో ఒక్కసారి అడిగి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. ఆ తర్వాత మేం నేర్చుకున్నవి, బంధువుల దగ్గర విన్నవి, నిబంధనల్లో ఉన్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ఏ పార్కు ఎవరికి?

తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెళ్లేవి హైదరాబాద్ దగ్గరున్న రెండు చోట్లకు. రెండూ ఒకలాంటివి కావు.

రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద, హయత్‌నగర్ దాటాక ఉంటుంది. 1996లో మొదలైంది. ప్రపంచంలోనే అతి పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డు దీనికి ఉంది. లోపల బస్సులో తిప్పుతూ గైడు సెట్లు, తోటలు చూపిస్తారు. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, స్టేజీ షోలు, పిల్లలు ఆడుకునే ఫండుస్తాన్ ఉన్నాయి. చాలా భాగం బస్సులో కూర్చునే చూడొచ్చు. దాదీ, నానీ ఉన్న కుటుంబాలకు ఇది సుఖం.

వండర్లా 2016లో రావిర్యాల దగ్గర, ఔటర్ రింగు రోడ్డు పక్కన తెరిచారు. ఇక్కడ రైడ్లు, నీళ్ల ఆటలే ప్రధానం. పదేళ్లు దాటిన పిల్లలు, యువకులు దీన్నే ఇష్టపడతారు. గుండె జబ్బు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు, గర్భిణులకు పెద్ద రైడ్లు పనికిరావు. వాళ్లకు కూడా టికెట్ కొని రోజంతా కూర్చోబెడితే డబ్బు దండగే, మనసుకూ కష్టమే.

ఇంట్లో పెద్దలు, పిల్లలు ఇద్దరూ ఉంటే ఒక ఉపాయం ఉంది. నల్గొండలో ఉండే మా ఖాలా వాళ్లు ఇలాగే చేశారు. పెద్ద పిల్లలు మామూతో కలిసి రైడ్ల పార్కుకు వెళ్లారు. ఖాలా, ఖాలూ, చిన్నవాళ్లు సిటీలో బంధువుల ఇంట్లో ఆగి, మరుసటి రోజు అందరూ కలిసి ఫిల్మ్ సిటీ చూశారు. మూడు టికెట్లు మిగిలాయి. బెంచీ మీద ఎవరూ కాపలా కూర్చోలేదు.

రాత్రి అక్కడే ఉండాలా?

ఫిల్మ్ సిటీ లోపల ఖరీదైన సితార నుంచి, బృందాలుగా వచ్చేవాళ్లు పంచుకునే సహారా వరకు రకరకాల బస ఉంది. హైదరాబాద్ వండర్లా ఒక్కరోజు పార్కుగానే మొదలైంది. ఆ సంస్థ రిసార్టు కావాలంటే బెంగళూరు పార్కు పక్కన, మైసూరు రోడ్డులో బిడది దగ్గర ఉంది.

హైదరాబాద్, నల్గొండ, మహబూబ్‌నగర్ వాళ్లకు రాత్రి బస అవసరం లేదు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. గుంటూరు, కర్నూలు, కడప నుంచి వచ్చేవాళ్లకు ఒక రాత్రి గది తప్పదు. అప్పుడు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి: రిసార్టు ప్యాకేజీ, అంటే గది, టికెట్, నాష్తా, భోజనం కలిపి. రెండోది: ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు మామూలు లాడ్జి, టికెట్, ఆటో లేదా బస్సు, బయట భోజనం. ప్యాకేజీలో ఎన్ని పూటల భోజనం ఉంది, టికెట్ ఒక రోజుకా రెండు రోజులకా, మూడో మనిషికి అదనపు మంచం ఎంత, పిల్లలకు ఎంత, ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. ఫోనులో చెప్పిన మాట బిల్లు కట్టేటప్పుడు నిలబడదు. కర్నూలు నుంచి వెళ్లిన మా దగ్గరి బంధువులకు ఒక రిసార్టులో ఇదే అనుభవం. "అన్నీ కలిపే" అన్నారట. తీరా చూస్తే రాత్రి భోజనం అందులో లేదు. ఆరుగురి భోజనం బిల్లు విడిగా వచ్చింది.

గది అద్దె మీద పన్ను

ఇది చాలామంది గమనించరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి, ఒక రాత్రికి 7,500 రూపాయలు దాటని గదికి జీఎస్టీ 5 శాతం. దాటితే 18 శాతం. తేడా ఎంతో చూడండి. 7,400 రూపాయల గదికి పన్ను 370, మొత్తం 7,770. 8,000 రూపాయల గదికి పన్ను 1,440, మొత్తం 9,440. అద్దెలో తేడా 600 మాత్రమే, చేతి నుంచి పోయేది 1,670 ఎక్కువ. అందుకే గది ధర ఆ గీతకు దగ్గరగా ఉంటే వారం మధ్యలో వెళ్లి కాస్త తక్కువ రేటుకు అడగండి.

భోజనం మీద కూడా ఇలాగే. మామూలు రెస్టారెంటు బిల్లుపై పన్ను 5 శాతం. ఖరీదైన గదులున్న హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం పడొచ్చు. పార్కు టికెట్ మీద పన్ను 2018 జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గింది. టికెట్ ధర అడిగేటప్పుడు "పన్నుతో కలిపి ఎంత?" అనే అడగండి.

టికెట్‌లో మిగిల్చేది

ఈ పార్కుల్లో పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. వండర్లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ఆ పైన ఒక ఎత్తు వరకు పిల్లల టికెట్, తర్వాత పెద్దల టికెట్టే. ఇంట్లోనే గోడ దగ్గర నిలబెట్టి టేపుతో కొలవండి. "ఎనిమిదేళ్లే కదా" అని లెక్క వేసుకుని వెళ్తే కౌంటరు దగ్గర బడ్జెట్ తలకిందులవుతుంది.

ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే తగ్గింపు దొరకొచ్చు. కాలేజీ పిల్లలు గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి, విద్యార్థులకు రాయితీ ఉండే రోజులుంటాయి. పుట్టినరోజు నెల, పెద్ద బృందం, వారం మధ్య రోజులు, వీటికి కూడా ఆఫర్లు వస్తుంటాయి. ఇవి మారుతుంటాయి కాబట్టి పార్కు సొంత వెబ్‌సైటులోనే చూడండి. వాట్సాప్‌లో వచ్చే "సగం ధర టికెట్" లింకులకు డబ్బు పంపకండి.

క్యూలో నిలబడకుండా వెళ్లే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఆదివారం, పండుగ రోజుల్లో తప్ప అవసరం రాదు. అసలు ఆ రోజుల్లో వెళ్లకపోవడమే మేలు. ఈద్ రెండో రోజు, మూడో రోజు మనవాళ్లందరూ ఒకేసారి బయల్దేరతారు. సంక్రాంతి, దసరా సెలవుల్లోనూ అంతే. జూన్ మధ్యలో బడులు తెరిచాక, జులై, ఆగస్టు నెలల్లో మంగళ, బుధవారాలు ఖాళీగా ఉంటాయి. ఒక రోజు బడి మానేస్తే ఫర్వాలేదనుకుంటే, అదే డబ్బుకు రెండింతలు రైడ్లు ఎక్కొచ్చు.

దారి ఖర్చు

తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అమ్మీ, ఆపా, భార్య, కూతురు బస్సులో వెళ్తే నాలుగు టికెట్లు మిగిలినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం ఆ రాష్ట్రం లోపలి ప్రయాణాలకే. హైదరాబాద్ వచ్చే బస్సుకు వర్తించదు.

రైల్లో వస్తే అయిదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. విజయవాడ వైపు నుంచి కారులో వచ్చేవాళ్లకు ఫిల్మ్ సిటీ హైదరాబాద్ కంటే ముందే వస్తుంది. సిటీలోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సిన పని లేదు. అక్కడి నుంచి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే బొంగులూరు మీదుగా రావిర్యాల చేరొచ్చు.

భోజనం, నీళ్లు, బిల్లు

చాలా పార్కుల్లో బయటి భోజనం లోపలికి రానివ్వరు. పసిపిల్లల ఆహారం, మందులు మాత్రం ఒప్పుకుంటారు. కాబట్టి పొద్దున ఇంట్లోనే కడుపునిండా నాష్తా చేసి వెళ్లండి. ఖీమా, రోటీ, ఉడికించిన గుడ్లు డబ్బాలో పెట్టుకుని పార్కింగులో తినేసి లోపలికి వెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అప్పుడు లోపల ఒక్క పూట భోజనం చాలు.

మాంసం హలాలా కాదా అని మేనేజరును నేరుగా అడగండి. అందులో మొహమాటం అక్కర్లేదు. "అవునండీ" అంటే ఎక్కడి నుంచి తెప్పిస్తారో కూడా అడగండి. నమ్మకం కుదరకపోతే శాకాహారం తీసుకోండి, ఖర్చూ తగ్గుతుంది.

బిల్లులో "సర్వీస్ ఛార్జీ" అని ఉంటే అది పన్ను కాదు. దాన్ని తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. కొట్టులో కొనే నీళ్ల సీసాకు దాని మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోకూడదు. రెస్టారెంటులో కూర్చుని తాగితే మాత్రం లెక్క వేరు. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, బిల్లు దాచుకోండి.

నీళ్లలో బట్టలు, నమాజు

నీళ్ల ఆటల్లో నూలు బట్టలు, చీరలు, చుడీదార్లు, జీన్సు సాధారణంగా ఒప్పుకోరు. నైలాన్, పాలిస్టర్ లాంటి బట్ట కావాలి. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ముందే కొనుక్కుంటే అద్దె తప్పుతుంది, మన ఆడపిల్లలకు ఇబ్బందీ ఉండదు. కొనే ముందు ఆ రకం అనుమతిస్తారా అని పార్కుకు ఫోన్ చేసి అడగండి. ఆపా అడగకుండా వెళ్లి, అక్కడ అద్దె బట్టలు నచ్చక, కొడుకు ఆడుతుంటే ఒడ్డున నిలబడి చూసింది.

చిన్న జానమాజ్ సంచిలో పెట్టుకోండి. జుహర్, అసర్ వేళలు పార్కులోనే గడుస్తాయి. నమాజుకు చోటు ఎక్కడో లోపలికి వెళ్లగానే సిబ్బందిని అడిగి పెట్టుకుంటే, తడిబట్టలతో వెతుక్కునే పని ఉండదు.

డబ్బు ముందు, ప్రయాణం తర్వాత

మొదటిసారి దెబ్బ తిన్నాక మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రయాణం ఖర్చు మొత్తం కాగితం మీద రాసి, పదితో భాగించి, నెలకింత అని డబ్బాలో వేశాం. పిల్లలు తమ ఈదీలో కొంత వేశారు. మీ బంధువుల్లో వడ్డీ లేని కమిటీ నడుస్తుంటే, మీ వంతు వేసవికి వచ్చేలా ముందే చెప్పుకోండి. డబ్బా నిండకపోతే ఆ ఏడాది వెళ్లం, అంతే. పిల్లలు ఏడ్చారు, తర్వాత వాళ్లే డబ్బా లెక్క చూడటం మొదలుపెట్టారు.

బయల్దేరే ముందు ఈ అయిదూ రాసుకోండి:

1. ఎవరు ఏం చూడాలనుకుంటున్నారు, ఎవరు రైడ్లు ఎక్కగలరు.
2. పిల్లల ఎత్తు, విద్యార్థుల కార్డులు, ఆడవాళ్ల గుర్తింపు కార్డులు.
3. గది అద్దె పన్నుతో కలిపి ఎంత, అందులో ఏ పూట భోజనం ఉంది.
4. లాకరు, బట్టలు, ఫొటోలు, చాయ్, వీటికి విడిగా ఒక కవరు. అది అయిపోతే ఇక ఖర్చు లేదు.
5. రద్దు చేస్తే డబ్బు తిరిగి వస్తుందా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి.

కిందటేడు వెళ్లే ముందు అమ్మీని అడిగాం. "నాకు నీళ్లూ వద్దు, గుండ్రంగా తిరిగేవీ వద్దు. పూలతోటలు చూపించండి, చాలు" అంది. ఆ ఏడాది ఫిల్మ్ సిటీ చూసి రాత్రికే ఇంటికొచ్చేశాం. బస్సు కిటికీ పక్కన కూర్చుని తోటలన్నీ చూసింది. తిరిగొచ్చాక కార్డు బిల్లు రాలేదు. డబ్బాలో ఇంకా 640 రూపాయలు మిగిలాయి. వచ్చే ఏడాదికి అవే మొదటి జమ.