పాలు కక్కే శిశువు: చేతి స్పర్శ నుండి అల్ట్రాసౌండ్ వరకు

పసిబిడ్డ పాలు కక్కడం తెలుగు ఇళ్లలో అపురూపమైన సంగతి కాదు. దిష్టి అనీ, పాలు పడలేదనీ, బాలగ్రహమనీ దానికి రకరకాల వ్యాఖ్యానాలు ఉన్నాయి. అయితే మూడు నుండి ఆరు వారాల వయసులో, పాలు తాగిన కాసేపటికే దూరంగా చిమ్మినట్లు కక్కి, వెంటనే మళ్లీ ఆకలితో ఏడ్చే శిశువు స్థితి వేరు. జఠర నిర్గమద్వారం వద్ద కండరం మందమై, పాలు చిన్నపేగులోకి దిగవు. పైత్యరసం కలిసే చోటు ఆ అడ్డంకికి దిగువన ఉంటుంది కనుక వాంతిలో పసరు కనిపించదు. ‘కక్కింది పసరా, విరిగిన పాలా?’ అనే ప్రశ్నకు తల్లి చెప్పే జవాబుతోనే వ్యాధి స్థానం చాలావరకు తేలుతుంది. వైద్యచరిత్ర రచనలో ఈ ఇంటి పలుకుబడికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

ఈ వ్యాధిని కోపెన్‌హేగెన్ వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ 1887లో స్పష్టంగా వర్ణించాడు. అప్పటికి దీనికి నమ్మదగిన చికిత్స లేదు. లోపలి పొరను తాకకుండా పై కండరాన్ని మాత్రమే నిలువునా చీల్చే పద్ధతిని జర్మన్ శస్త్రవైద్యుడు కోన్రాడ్ రామ్‌ష్టెట్ 1912లో ప్రకటించాడు. నేటికీ మూలసూత్రం అదే.

చికిత్స కుదిరినా నిర్ధారణ చాలాకాలం చేతివేళ్ల నేర్పు మీదనే ఆధారపడింది. పొట్టపై తడిమితే తగిలే గడ్డను ఆంగ్ల పాఠ్యగ్రంథాలు ఆలివ్ కాయతో పోలుస్తాయి. ఆలివ్‌ను ఎన్నడూ చూడని తెలుగు విద్యార్థికి నేరేడుపండు అంటే ఆకారం, పరిమాణం రెండూ తట్టేవి! బిడ్డ ఏడుస్తూ పొట్ట బిగిస్తే ఆ గడ్డ దొరకదు. అప్పుడు బేరియం తాగించి ఎక్స్‌రే తీసేవారు; ఆ ద్రవాన్ని కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉండేది.

1977లో రీటా టీల్, ఎడ్వర్డ్ స్మిత్ ఈ వ్యాధి నిర్ధారణకు అల్ట్రాసౌండ్ వాడవచ్చునని ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో చూపారు. రేడియేషన్ లేదు, బేరియం లేదు. బిడ్డను కుడివైపుకు కొద్దిగా ఒత్తిగిలిపెట్టి చూస్తే, అడ్డుకోతలో కండరం నల్లని వలయంలా కనిపిస్తుంది. కండరం మందం సుమారు 3 మిల్లీమీటర్లు, నాళం పొడవు సుమారు 15 మిల్లీమీటర్లు దాటితే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. తాత్కాలికంగా బిగుసుకున్న కండరం కొద్ది నిమిషాల్లో వదులవుతుంది. అందుకే పరీక్షకుడికి ఓపిక అవసరం.

హైదరాబాదులో శిశువైద్య చరిత్ర నీలోఫర్ ఆసుపత్రితో ముడిపడి ఉంది. ప్రసవంలో తన పరిచారిక మరణించడంతో కలత చెందిన నిజాం కోడలు నీలోఫర్ చొరవతో వెలసిన ఆ ఆసుపత్రి 1953లో ప్రారంభమైంది. నేడు మోతీనగర్ వంటి నివాసప్రాంతాల వారికీ అల్ట్రాసౌండ్ పరిచితమే. కానీ 1994 నాటి చట్టం వల్ల స్కానింగ్ కేంద్రంలో మొదట కనిపించేది లింగనిర్ధారణ చేయబడదనే బోర్డు. ఆ యంత్రం గర్భానికే సంబంధించినదన్న భావన జనంలో బలపడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

స్కాన్‌లో వ్యాధి తేలినా శస్త్రచికిత్స ఆ క్షణమే చేయరు. వాంతులతో కోల్పోయిన నీరు, క్లోరైడ్, పొటాషియం ముందు సెలైన్ ద్వారా భర్తీ కావాలి. నిర్ధారణ ఎంత ఆలస్యమైతే ఆ లోటు అంత పెరుగుతుంది. రక్తపరీక్ష కుదుటపడ్డాకే బిడ్డను శస్త్రచికిత్స గదిలోకి తీసుకువెళ్తారు. సాధారణంగా ఆ మరునాటికల్లా బిడ్డ పాలు తాగుతుంది.