మూత ఎవరి పూచీ?

గోలీసోడా బుడ్డి తెలుగు పాఠకులకు కొత్తది కాదు. హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందిన ఈ బుడ్డికి విడిమూత లేదు. లోపలి వాయువు ఒత్తిడికి గోలీ పైకి లేచి, మెడలోని రబ్బరుపట్టీకి అదుముకొని నిలుచును. నొక్కినచో కీచుమనుచు దిగును. త్రాగిన పిమ్మట బుడ్డి దుకాణమునకే చేరును. పారవేయుటకేమియు మిగులదు. మూత పాత్రను విడువకుండుటలోని మేలును అమెరికావారు గుర్తించుటకు మరి నూరేండ్లు పట్టెను.

అచ్చట రేకుడబ్బాలలో పానీయము లమ్ముట పరిపాటి. ఒహాయో రాష్ట్రమున డేటన్ నివాసియైన ఎర్మల్ ఫ్రేజ్ 1959లో వనభోజనమునకు పోయి, డబ్బా తెరచు పనిముట్టు మరచి, కారు బంపరుకు కొట్టి తెరచెనట. ఆ చిక్కులోనుండి పుట్టినదే పీకివేయు మూత. 1963లో దానికి పేటెంటు లభించినది. సౌకర్యమే, కాదనము. కాని పీకిన రేకుముక్క యెక్కడికి పోవలెను? సముద్రతీరపు టిసుకలో దాగి పాదములను కోసెను. దానిని డబ్బాలోనే పడవేసి, త్రాగుచు మ్రింగినవారును కలరు.

తప్పు పారవేసినవానిదే యని తయారీదారుల వాదము. అంతకు మునుపే, 1953లో, తిరిగి నింపరాని సీసాలలో బీరు అమ్మరాదని వర్మాంట్ రాష్ట్రము శాసించినది. ఆ యేటనే డబ్బాలు, సీసాలు చేయు సంస్థలు పూనుకొని ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ అను సంఘమును నెలకొల్పి, చెత్త వేయువారిని మందలింపసాగెను. వర్మాంట్ శాసనము 1957లో గడువు తీరి పోయినది. శుభ్రతాబోధ చెడ్డదని మేమనము. రేడియోలో మేమును అట్టి బోధలు చేసినవారమే. అయితే ఆ బోధ మూతను చేసినవాని గడప తొక్కలేదు.

ఆరెగాన్ రాష్ట్రము 1971లో చేసిన శాసనము తొక్కినది. 1972 అక్టోబరు 1 నుండి ప్రతి డబ్బాపై అప్పట్లో 5 సెంట్లు ధరావతు విధించినది. ఖాళీ డబ్బా తెచ్చినవారికి అంగడివాడు ఆ సొమ్ము తిరిగి యీయవలెను. విడిపోవు మూతగల డబ్బాలను అమ్మనే కూడదు. అమ్మకము సాగవలెనన్న మూతయే మారవలెను. 1975లో రెనాల్డ్స్ సంస్థకు చెందిన డేనియల్ కడ్జిక్ రూపొందించిన మూత నొక్కగనే లోనికి వంగి, డబ్బానే అంటిపెట్టుకొని యుండును. నేడు మన యంగళ్లలోని డబ్బాలకును అట్టి మూతయే.

1990లో స్వీడను దేశమున థామస్ లిండ్‌క్విస్ట్ ఈ పద్ధతికి ‘ఉత్పత్తిదారుని విస్తృత బాధ్యత’ యని పేరిడెను. మన దేశములో పాత విద్యుత్పరికరముల విషయమై 2011లో చేసిన నియమములు 2012 మే నుండి ఆ పూచీని తయారీదారులపై మోపినవి. ప్లాస్టిక్ సంచులు, పొట్లముల వంతు 2016లో వచ్చినది. వాడిన వస్తువులను ఏరి తెచ్చుటపైననే వీని దృష్టి మెండు. వస్తువును చేయునపుడే మార్చుమని ఆరెగాన్ చెప్పినంత సూటిగా ఇవి చెప్పలేదని మా అభిప్రాయము.