కార్డియాలజీ సీట్లలో మన కోటా ఎంత? ఒక సున్నా వెనక చరిత్ర

పోయిన వారం గ్రూపులో ఒక చెల్లి అడిగింది: "అన్నా, ఎండీ అయ్యాక డీఎం కార్డియాలజీలో ఎస్టీ కోటా ఎంత శాతం?" కింద ఒకరు ఆరు అన్నారు, ఇంకొకరు ఏడున్నర అన్నారు, తెలంగాణ తమ్ముడొకడు పది అని పెట్టాడు. అవన్నీ నిజమైన లెక్కలే. ఆంధ్రలో 6, కేంద్ర కోటాలో 7.5, తెలంగాణలో 2022 నుంచి 10. కాకపోతే అవి ఎంబీబీఎస్, ఎండీ దాకానే. డీఎం కార్డియాలజీలో మన కోటా సున్నా. ఎస్సీలకూ సున్నా, బీసీలకూ సున్నా.

ఈ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాళ్లు మనకు లేరు. తెలిసినదంతా ఒకచోట పెడుతున్నాం. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ముందు ఈ సీటు మనకెందుకో చెప్పుకోవాలి. మాది చెరుకుపల్లి వైపు. యానాదులం, ఎరుకలవాళ్లం, సుగాలీలం పక్కపక్క ఊళ్లలో ఉంటాం. మా పేటల్లో గుండెల్లో నొప్పి అంటే మొదటి మాట "గ్యాస్". సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ, తర్వాత రేపల్లెకో తెనాలికో పరుగు, అక్కడ ఈసీజీ తీసి గుంటూరు పొమ్మంటారు. గుండెపోటులో మూసుకుపోయిన రక్తనాళాన్ని రెండు గంటల్లోపు బెలూన్‌తో తెరిపించగలిగే చోటికి చేరలేకపోతే, గడ్డ కరిగించే సూది ముందే వేయాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. ఆ రెండు గంటలూ మా వాళ్లకు సోడా దగ్గరా ఆటో దగ్గరా అయిపోతాయి. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక డబ్బుల భయం కొంత తగ్గింది, స్టెంట్ అన్న మాట కూలికి పోయే ఇళ్లలో కూడా తెలిసింది. ఆ స్టెంట్ వేసే చేతుల్లో మాత్రం మన చేతులు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఆ పని చేసేవాళ్లనే ఇంటర్వెన్షనల్ కార్డియాలజిస్టులు అంటారు. ఛాతీ కోయరు. మణికట్టు దగ్గరో తొడ దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ గుండె దాకా పోతారు. ఈ విద్య పుట్టిన కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డే అనే చిన్న ఊరి ఆసుపత్రి. వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల కుర్ర డాక్టరు మనిషి గుండెలోకి గొట్టం పంపవచ్చన్నాడు. పెద్ద డాక్టరు వద్దన్నాడు. పరికరాల తాళాలు ఒక నర్సు దగ్గర ఉన్నాయి. నామీదే చేయమని ఆమె ముందుకొచ్చింది. అతను ఆమెను బల్లకు కట్టేసి, తన చేతి నరంలోకే 65 సెంటీమీటర్ల గొట్టం దూర్చుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. ఫలితం? బెర్లిన్‌లో చేరిన పెద్ద ఆసుపత్రిలోంచి పంపేశారు, చివరికి మూత్రకోశ వైద్యుడిగా బతికాడు. 1956లో నోబెల్ వచ్చింది. ఇవాళ్టి ఫెలోషిప్ ఇంటర్వ్యూకి ఫోర్స్‌మన్ వెళ్తే సెలక్ట్ అవుతాడా అని మాకు ఎప్పుడూ అనుమానమే.

1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ చేతిలో, వేరే చోట ఎక్కించాల్సిన రంగుమందు అనుకోకుండా గుండె రక్తనాళంలోకే పోయింది. రోగి బతికాడు, యాంజియోగ్రామ్ పుట్టింది. 1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటిసారి బెలూన్‌తో గుండె రక్తనాళాన్ని వెడల్పు చేశాడు. ఆ బెలూన్లను తన ఇంటి వంటగది బల్ల మీద అతికించి తయారు చేసుకున్నవాడు ఆయన.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చూడండి. గ్రుంట్‌జిగ్ ఆ విద్యను పుస్తకంలో రాసి ఊరుకోలేదు. డాక్టర్లను జ్యూరిక్‌కు పిలిచి, తను చేస్తుంటే కళ్లారా చూపించి నేర్పాడు. తర్వాత అమెరికాలో అట్లాంటాకు మారాడు. కేరళకు చెందిన డాక్టర్ మాథ్యూ శామ్యూల్ కళరిక్కల్ అక్కడ ఆయన దగ్గర నేర్చుకుని వచ్చి, 1980ల నడుమ మన దేశంలో యాంజియోప్లాస్టీకి దారి వేశాడు. హైదరాబాద్‌లో డాక్టర్ బి. సోమరాజు, క్షిపణుల పని చేస్తున్న అబ్దుల్ కలాం కలిసి 1990లలో తక్కువ ఖర్చులో కలాం-రాజు స్టెంట్ చేయించారు. అంటే ఇది చేతి నుంచి చేతికి వచ్చిన విద్య. పక్కన నిలబడనిచ్చేవాడు ఉంటేనే వస్తుంది. మన తాతలు వల వేయడం, బుట్ట అల్లడం నేర్పినట్టే. కాకపోతే మన విద్య మన పేటలోనే ఉండేది, ఇది ఉన్న గదిలోకి పోవాలంటే ఎవరో ఒకరు తలుపు తీయాలి.

ఆ తలుపు సంగతికి వద్దాం.

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. అప్పుడు మన ప్రాంతం మద్రాసు రాష్ట్రం కింద ఉంది. వైద్య విద్య సీట్లు కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారత క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. కూడి చూడండి, పద్నాలుగూ అయిపోయాయి. గిరిజనులు అన్న వరసే అందులో లేదు. అదే సమయంలో మనకు కూతవేటు దూరంలోని స్టూవర్టుపురంలాంటి సెటిల్‌మెంట్ల మీద నేరస్థ జాతుల చట్టం నీడ ఇంకా ఉంది. ఆ చట్టం దేశమంతటా రద్దయ్యింది 1952 ఆగస్టు 31న. గుంటూరులో మొదటి బ్యాచ్ శరీర నిర్మాణం చదువుకుంటున్నప్పుడు, మన ఎరుకల పెద్దలు ఊరు దాటాలంటే అనుమతి అడిగే బతుకులోంచి ఇంకా పూర్తిగా బయటపడలేదు. "డెబ్బై ఏళ్లుగా రిజర్వేషన్లు ఇస్తున్నాం కదా, ఇంకెన్నాళ్లు" అనే క్లాస్‌మేట్లకు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆ జీవో మీద చంపకం దొరైరాజన్ కోర్టుకు వెళ్లింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు జీవోను కొట్టేసింది. తమాషా ఏంటంటే ఆవిడ మెడికల్ కాలేజీకి అసలు దరఖాస్తే పెట్టలేదు, ఎలాగూ రాదని తెలిసి పెట్టలేదని చెప్పింది. కోర్టు ఆ సంగతి గమనించింది, అయినా కేసు విన్నది. ఎలాగూ రాదని దరఖాస్తు పెట్టని మన పిల్లలు ఎంతమందో! వాళ్ల కోసం మాత్రం ఏ కోర్టూ కూర్చోలేదు. ఆ తీర్పు వల్లే అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) చేరింది, ఎస్సీ ఎస్టీల పేర్లు అందులోకి ఎక్కాయి. ఇవాళ మనం ఎంబీబీఎస్ చదువుతున్నామంటే ఆ నాలుగు లైన్ల వల్లే.

మరి సున్నా ఎప్పుడు వచ్చింది? 1984 జూన్ 22న, ప్రదీప్ జైన్ కేసులో. ఆ కేసు అసలు మన గురించి కాదు. ఏ రాష్ట్రం పిల్లలకు ఆ రాష్ట్రంలోనే సీట్లు దాచిపెట్టుకోవచ్చా అన్నది గొడవ. జస్టిస్ భగవతి బెంచి తీర్పు రాస్తూ, న్యూరోసర్జరీ, కార్డియాలజీలాంటి సూపర్ స్పెషాలిటీలలో ఏ రిజర్వేషనూ ఉండకూడదు, దేశం మొత్తం మీద మెరిట్ చూసే ఇవ్వాలి అంది. చూశారా, కార్డియాలజీ పేరు పెట్టి మరీ చెప్పింది. అప్పటికి బెలూన్ వైద్యం పుట్టి ఏడేళ్లు కూడా నిండలేదు. 1992 మండల్ తీర్పులో, వైద్యంలో సూపర్ స్పెషాలిటీలలాంటి చోట్ల రిజర్వేషన్ తగదేమో అన్న మాట వచ్చింది. 1999 ఆగస్టు 10న ప్రీతి శ్రీవాస్తవ కేసులో ఐదుగురు జడ్జిల బెంచి సూపర్ స్పెషాలిటీలో రిజర్వేషన్ కుదరదని గట్టిపరిచింది. అన్నిటిలోనూ కారణం ఒక్కటే, ఆ స్థాయిలో మెరిట్ తగ్గితే దేశానికి నష్టమని.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎంబీబీఎస్, పీజీ ఆల్ ఇండియా కోటా సీట్లలో కూడా మనకు రిజర్వేషన్ మొదలైంది 2007లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నాకే. అంటే ఎండీ మెట్టు మీద జాతీయ స్థాయిలో మనవాళ్లు కోటాతో అడుగు పెట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. దాని పైమెట్టు మీద మనవాళ్లు కనపడట్లేదంటే ఆశ్చర్యం ఏముంది.

ఈ మెరిట్ మాట మీద మా అభిప్రాయం దాచుకోం. 2023 సెప్టెంబర్‌లో నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని వర్గాలకూ సున్నా పర్సెంటైల్ చేశారు. ఎందుకు? సీట్లు మిగిలిపోతున్నాయని. సీటు ఖాళీ పోకుండా మెరిట్ గీతను కిందికి దించవచ్చట, గిరిజనుడి కోసం మాత్రం దించకూడదట. 2022 మార్చిలో తమిళనాడు ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం కేటాయించడాన్ని సుప్రీంకోర్టు ఆపలేదు. ఊళ్లలో పనిచేసిన డాక్టరు తిరిగి ఊళ్లకే ఉపయోగపడతాడన్న వాదన అక్కడ నిలబడింది. మనం అడగాల్సిన వాదన అదే. ఏజెన్సీలోనూ తీరప్రాంత పేటల్లోనూ సర్వీసు చేసిన డాక్టర్లకు మన రాష్ట్రాలు ఆ దారి ఇవ్వాలని అడగాలి. కోర్టు తలుపు పూర్తిగా మూసి లేదని ఆ కేసు చెబుతోంది.

ఇక ఇప్పుడు దరఖాస్తు ఎలా ఉంటుందో. 2017 దాకా సూపర్ స్పెషాలిటీకి ఒకే పరీక్ష లేదు, ఎవరి ఎంట్రన్సు వాళ్లది. నిమ్స్‌కు ఒకటి, తిరుపతి స్విమ్స్‌కు ఒకటి, ఎయిమ్స్‌కు ఒకటి. ప్రతిదానికీ ఫీజు, రైలు టికెట్టు, లాడ్జి. ఇంట్లో నెల జీతం కోసం చూసేవాళ్లు ఉన్న పిల్లలు రెండో ఊరికే ఆగిపోయేవాళ్లు. 2017లో నీట్ ఎస్‌ఎస్ వచ్చాక ఒక పరీక్ష, ఒక కౌన్సెలింగ్, ఇంటర్వ్యూ లేదు. ఈ విషయంలో నీట్ మనకు మేలే చేసిందని మేం అనుకుంటాం, ఒప్పుకోనివాళ్లు గ్రూపులో ఉన్నారని తెలుసు. తెర మీద మార్కులు మన ఇంటిపేరు చదవవు.

ఎయిమ్స్, పీజీఐ, జిప్‌మర్‌లాంటి జాతీయ సంస్థలకు ఐఎన్‌ఐ ఎస్‌ఎస్ వేరే ఉంది. అందులో రాతపరీక్ష తర్వాత రెండో దశగా విభాగంలోనే క్లినికల్, ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. ఎదురుగా ప్రొఫెసర్లు కూర్చుంటారు. భయం ఊరికే రాలేదు. ఎయిమ్స్‌లో ఎస్సీ ఎస్టీ విద్యార్థుల పట్ల తేడా చూపుతున్నారన్న ఫిర్యాదుల మీద 2006లో తోరట్ కమిటీ వేశారు. వైవాలలో, ప్రాక్టికల్స్‌లో తమను వేరేగా చూస్తున్నారని విద్యార్థులు చెప్పిన మాటలు ఆ నివేదికలోకి ఎక్కాయి. అలాగని దరఖాస్తు మానొద్దు. మానేస్తే వాళ్ల పని ఇంకా సులువు.

డీఎం మూడేళ్లు. ఆ తర్వాత ఇంటర్వెన్షన్ మీదే నేషనల్ బోర్డు వారి ఎఫ్‌ఎన్‌బీ ఫెలోషిప్ రెండేళ్లు ఉంది, దానికి మళ్లీ ఫెట్ అనే ఎంట్రన్సు. అమెరికా దారిలో ఇంటర్నల్ మెడిసిన్ మూడేళ్లు, కార్డియాలజీ మూడేళ్లు, ఆపైన ఇంటర్వెన్షనల్ ఒక ఏడాది. ఆ ఏడాదిలో 250 కరోనరీ ప్రొసీజర్లు చేయాలి. ఇక్కడైనా అక్కడైనా ఎంబీబీఎస్ నుంచి లెక్కేస్తే పన్నెండు, పదమూడేళ్ల మాట. గుంటూరు వైద్య కళాశాల నుంచి అమెరికా వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు, పెద్దాసుపత్రిలో పొదిల ప్రసాద్ బ్లాకు వాళ్ల డబ్బుతో లేచిందే. ఆ దారి పొలాలూ అన్నలూ బావలూ ఉన్న కుటుంబాల్లో ఒకరి వెనక ఒకరికి తెలిసింది. మనలో మొదట వెళ్లేవాళ్లకు ఆ బావ ఉండడు.

అక్కడ దరఖాస్తులో మార్కుల కంటే సిఫారసు ఉత్తరాలు ఎక్కువ మాట్లాడతాయి. ఇంటర్వ్యూలో అడిగేవి కూడా పాఠాలు కావు. నీ చేతిలో కేసు అడ్డం తిరిగినప్పుడు ఏం చేశావు, సీనియర్‌తో మాట తేడా వస్తే ఎలా నెట్టుకొచ్చావు, ఈ పనే ఎందుకు, చదివాక ఎక్కడ పనిచేస్తావు. చివరి ప్రశ్నకు మన దగ్గరున్నంత గట్టి జవాబు ఎవరి దగ్గరా లేదు. నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగించే పేట నుంచి వచ్చాం, ఆ రెండు గంటలు ఎక్కడెక్కడ కారిపోతాయో మాకు తెలుసు అని చెప్పండి. దాన్ని జాలి కథలా చెప్పొద్దు, కేసు షీట్ చెప్పినట్టు చెప్పండి. ఏ టైముకు నొప్పి, ఏ టైముకు ఈసీజీ, ఏ టైముకు గుంటూరు.

ఉత్తరాలు కావాలంటే ఎండీ మొదటి ఏడాది నుంచే ఒకరిద్దరు ప్రొఫెసర్లకు మీ పని తెలియాలి. లాగ్‌బుక్ మొదటి రోజు నుంచి రాయండి, చివర్లో కూర్చుని నింపొద్దు. క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆసుపత్రిలో ఉంటే డ్యూటీ అయ్యాక లోపల నిలబడతానని అడగండి. ఒకరు కసురుకుంటారు, ఇంకొకరు రానిస్తారు.

ఆ చెల్లికి చివరిగా ఒక మాట. కోటా పనిచేసే ఆఖరి మెట్టు ఎండీ. డీఎం కార్డియాలజీకి జనరల్ మెడిసిన్, పీడియాట్రిక్స్, పల్మనరీ మెడిసిన్ చేసినవాళ్లే అర్హులు, డీఎన్‌బీ అయినా సరే. గుండె మీద మనసుంటే నీట్ పీజీ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే రోజునే ఆ సంగతి గుర్తుంచుకో. జనరల్ మెడిసిన్ వచ్చే ర్యాంకు ఉండి, ఇంకా "మంచి బ్రాంచి" అని ఎవరో చెప్పారని వేరేది పెట్టేస్తే, తర్వాత వెనక్కి రావడానికి దారి లేదు.