పది గోల్స్ తిన్న కోచ్, తడబడిన కుర్రాడు

ఈరోజు ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడతాను.

దివిసీమ నుంచి ఒక తమ్ముడు రాశాడు. ఊరి పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. వయసు పదిహేడు. ఊరి వాలీబాల్ టీమ్‌లో సెట్టర్. ఈ మధ్య కొత్త కోచ్ వచ్చాడట. వీడి ఆట సరిగ్గా పడట్లేదు. రెండు మ్యాచ్‌లు పక్కన కూర్చోబెట్టాడు. "అన్నా, గ్రౌండ్ చుట్టూ నిలబడ్డ వాళ్లలో సగం మంది నన్ను తిడుతున్నారు, సగం మంది కోచ్‌ని తిడుతున్నారు. ఆట మానేద్దామనిపిస్తోంది" అని రాశాడు.

సరిగ్గా అదే వారం డల్లాస్ నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. పుట్టింది గుడివాడలో, ఇప్పుడు ఆదివారం వస్తే టీవీ ముందు నుంచి లేవడు. వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఓడిపోయింది. "ఒరేయ్, కొత్త కోచ్ దండగ, ఆ కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఇంకా దండగ, ఇద్దర్నీ మార్చెయ్యాలి" అని అరగంట క్లాసు పీకాడు.

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. డల్లాస్‌లో జరుగుతున్న గొడవా, దివిసీమలో జరుగుతున్న గొడవా ఒకటే కదా! అసలు కొత్త కోచ్‌ని ఎన్నాళ్లకి అంచనా వెయ్యాలి? తడబడుతున్న కుర్రాడిని ఎన్నాళ్లు మొయ్యాలి? దీనికి చరిత్రలో మంచి జవాబులున్నాయి. ఒకటి అమెరికాది, ఒకటి అచ్చంగా మన హైదరాబాద్‌ది.

ముందు క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో చెప్పేస్తాను. వాలీబాల్‌లో సెట్టర్ ఏం చేస్తాడు? బాల్ తన చేతికొచ్చాక ఎవరికి లేపాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. పాయింట్ వస్తే చప్పట్లన్నీ స్మాష్ కొట్టినవాడికి. పోతే తిట్లన్నీ సెట్టర్‌కి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అలాంటివాడే. కాకపోతే అవతల నలుగురైదుగురు భారీ మనుషులు వీడిని పడగొట్టడానికి మీదికి పరిగెత్తుకొస్తుంటారు. ఆ రెండు మూడు సెకన్లలో బాల్ ఎవరికి విసరాలో చూసుకోవాలి. పొరపాటున అవతలి టీమ్ చేతిలో పడితే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. అది గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు పనికొస్తుంది.

1969లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అనే టీమ్‌కి చక్ నోల్ అనే కొత్త కోచ్ వచ్చాడు. మొదటి మ్యాచ్ గెలిచారు. హమ్మయ్య అనుకున్నారు. తర్వాత పదమూడు మ్యాచ్‌లు వరసగా ఓడిపోయారు. ఒకటి గెలుపు, పదమూడు ఓటములు! మరుసటి ఏడు డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందుగా టెర్రీ బ్రాడ్‌షా అనే కుర్రాడిని తెచ్చుకున్నారు. అతను ఆ మొదటి సీజన్‌లో 6 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, 24 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. అంటే ఒక మంచి పనికి నాలుగు తప్పులు. వాడికి బుర్ర లేదని ఎగతాళి చేసినవాళ్లకి లెక్కలేదు.

అప్పుడు మా అన్నయ్య పిట్స్‌బర్గ్‌లో ఉండి ఉంటే ఏమనేవాడో మీకు తెలుసు.

కానీ టీమ్ ఓనర్లు కోచ్‌ని కదపలేదు. 1970లో 5 గెలుపులు, 1971లో 6, 1972లో 11. అంకెలు చూడండి, నెమ్మదిగా ఎక్కుతున్నాయి. అయినా కథ సాఫీగా ఏం సాగలేదు. 1974 సీజన్ మొదట్లో నోల్ ఇదే బ్రాడ్‌షాని బెంచ్ మీద కూర్చోబెట్టి జో గిలియమ్ అనే మరో కుర్రాడిని ఆడించాడు. ఆరు మ్యాచ్‌ల తర్వాత మళ్లీ బ్రాడ్‌షాని పిలిచాడు. ఆ సీజన్ చివర్లో స్టీలర్స్ మొట్టమొదటి సూపర్ బౌల్ గెలిచింది. ఆ తర్వాత ఇంకో మూడు. నోల్ మొత్తం 23 సీజన్లు అక్కడే కోచ్‌గా ఉన్నాడు.

ఇక్కడ ఒక్క మాట. ఈ కథ చెప్పేవాళ్లు గిలియమ్‌ని మర్చిపోతారు. అతను ఆడిన ఆ ఆరు మ్యాచ్‌లలో నాలుగు గెలిచారు, ఒకటి డ్రా. అయినా పక్కకెళ్లాడు. ఓపిక పట్టడమంటే ఒకరికి అవకాశం, ఇంకొకరికి అన్యాయం అనిపించే సందర్భాలూ ఉంటాయి. కోచ్ కుర్చీ అంత తేలిక కాదు.

సరే, అమెరికా నుంచి మన దగ్గరికి వచ్చేద్దాం. బందరులో బస్సెక్కి 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే విజయవాడ మీదుగా హైదరాబాద్ వెళ్లిపోతాం. ఆ హైదరాబాద్‌లో ఒక స్కూలు మాస్టారు ఉండేవారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. అందరూ రహీం సాబ్ అనేవారు. 2024లో వచ్చిన మైదాన్ సినిమా ఆయన మీదే. సినిమా సంగతి పక్కన పెట్టి, మైదానంలో జరిగింది చూద్దాం.

రహీం సాబ్ 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్ అయ్యారు. ఆ టీమ్ బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఒకసారి కాదు, ఐదుసార్లు! 1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్ జరిగితే, రహీం సాబ్ కోచ్‌గా ఇండియా ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి గోల్డ్ కొట్టింది. ఇంకేం, దేవుడు దొరికాడు అనుకుంటారు కదా ఎవరైనా.

మరుసటి ఏడు, 1952, హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియాతో మ్యాచ్. స్కోరు ఎంతో తెలుసా? 10-1. మనకి ఒకటి, వాళ్లకి పది.

ఒక్కసారి ఊహించుకోండి. ఇప్పుడైతే మీమ్స్‌తో ఫోన్ హ్యాంగ్ అయిపోయేది. "పది గోల్స్ రహీం" అని పేరు పెట్టేసేవాళ్లం. కానీ అసలేం జరిగిందో చూడండి. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. అక్కడి చలికి, ఆ నేలకి, బూట్లు వేసుకుని ఆడే యూరప్ ఆటగాళ్లకి ఎదురుగా. ఆ యుగోస్లావియా కూడా మామూలు టీమ్ కాదు, ఆ ఒలింపిక్స్‌లో సిల్వర్ గెలిచింది. దెబ్బ తగిలాక మన ఫుట్‌బాల్ పెద్దలు బూట్లు తప్పనిసరి చేశారు.

రహీం సాబ్ ఆ దెబ్బని పాఠంలా తీసుకున్నారు. ఆయన పద్ధతులు వింటే ముచ్చటేస్తుంది. హైదరాబాద్‌లో కుర్రాళ్లకి విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బాల్ కాలి దగ్గర పెట్టుకుని షో చెయ్యకూడదు, వెంటనే పాస్ ఇచ్చెయ్యాలి. ఏ కుర్రాడు ఎక్కడ తడబడతాడో ఆ తడబాటునే ఆట చేసేశారు. తప్పు చేస్తే సిగ్గుపడక్కర్లేదు, ఎందుకంటే ఆ టోర్నమెంట్లో అందరూ తడబడేవాళ్లే!

ఆయన చేతిలో పడ్డ కుర్రాళ్లలో ఇద్దరి గురించి చెప్తాను.

మొదటివాడు తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. బీద కుటుంబం. రహీం సాబ్ ఇతని ఆట చూసి హైదరాబాద్ టీమ్‌లోకి రమ్మన్నారు. ప్రాక్టీసుకి అంత దూరం రోజూ రావడానికి డబ్బుల్లేవు. ఆయనే సైకిల్‌కి దారి చూపించారని బలరామ్ తర్వాత చెప్పుకునేవాడు. 1956లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఏడాది బలరామ్ మెల్‌బోర్న్ ఒలింపిక్స్ టీమ్‌లో ఉన్నాడు. ఆ కుర్రాడికి ఆట రాక కాదు ఇబ్బంది, గ్రౌండ్ దాకా రాలేకపోవడం. ఈ తేడా కనిపెట్టడం కోచ్ పనిలో సగం.

రెండోవాడు పీటర్ తంగరాజ్. ఇతనూ హైదరాబాద్‌లోనే పుట్టాడు. మొదట్లో గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్. తర్వాత గోల్‌కీపర్ అయ్యాడు. ఆసియాలోనే గొప్ప గోల్‌కీపర్లలో ఒకడయ్యాడు. మన డెల్టా పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు. నారుమడిలోంచి పీకి పొలంలో నాటాక పైరు కొన్నాళ్లు పసుపుపచ్చగా వడిలినట్టు ఉంటుంది. తెలియనివాడు చూస్తే పంట పోయిందంటాడు. వేరు తగిలిందా, పచ్చబడుతుంది. స్థానం మారిన ఆటగాడైనా, టీమ్ మారిన కోచ్ అయినా అంతే.

1956 మెల్‌బోర్న్‌లో ఏమైంది? ఇండియా ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా టీమ్ మనదే. సెమీస్‌లో ఎవరు తగిలారో తెలుసా? మళ్లీ యుగోస్లావియా. ముందు గోల్ మనమే కొట్టాం. చివరికి 4-1తో ఓడిపోయాం. ఓటమే. కానీ నాలుగేళ్ల కిందట 10-1. ఓటమిలో కూడా దూరం కొలవొచ్చు ఫ్రెండ్స్. ఫ్యాన్స్‌గా మనం ఎక్కువగా మర్చిపోయేది ఈ కొలతనే.

ఇక అసలు ఘట్టం. 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టాం కానీ, డిఫెన్స్‌కి గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. జపాన్‌ని 2-0తో దాటి సెమీస్‌కి వచ్చాం.

ఇప్పుడు మీరే కోచ్ అనుకోండి. తలకి కుట్లున్న డిఫెండర్‌ని ఏం చేస్తారు? ఇంటికి పంపిస్తారు, లేదా రెస్ట్ ఇస్తారు. రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై గోల్ కొట్టాడు జర్నైల్. 3-2తో ఫైనల్‌కి వెళ్లాం.

ఫైనల్లో ఇంకో నిర్ణయం. అప్పటిదాకా గోల్‌కీపర్‌గా ఆడింది ప్రద్యుత్ బర్మన్. తంగరాజ్‌కి ఫ్లూ పట్టుకుని పక్కనున్నాడు. ఫైనల్‌కి రహీం సాబ్ తంగరాజ్‌ని దింపారు. తప్పైతే? జీవితాంతం తిట్లే. బర్మన్ మనసు ఎలా ఉండి ఉంటుందో కూడా ఆలోచించండి. గిలియమ్ గుర్తొచ్చాడా?

1962 సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో దాదాపు లక్షమంది. అందరూ మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ టీమ్‌లని రానివ్వనందుకు భారత అధికారి ఒకరు అభ్యంతరం చెప్పారు, ఇండోనేషియా జనానికి ఆ కోపం ఉంది. ఆ గోలలో మన వైపు కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మనవాళ్లు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు. ఎదురుగా మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోల్. వెంటనే కుట్ల తలతో జర్నైల్ ఇంకో గోల్. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టింది, అంతే. 2-1. గోల్డ్ మనది!

తర్వాతి సంవత్సరం జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి మళ్లీ గోల్డ్ రాలేదు. 1970లో ఒక బ్రాంజ్, అంతే. ఒక మంచి కోచ్ విలువ ఎంతో ఆయన వెళ్లిపోయాకే లెక్క తేలింది.

మరి మన ప్రశ్నకి జవాబు? ఓపిక పడితే అందరూ గెలుస్తారని నేను చెప్పను. అది అబద్ధం. ఓపిక పట్టినా పైకి రాని టీమ్‌లు బోలెడు. కానీ స్కోరు ఒక్కటే చూసి తూచితే మాత్రం 1969లో నోల్, 1952లో రహీం ఇద్దరూ ఫెయిలే. నేనైతే ముందు చూసేది ఇది: కిందటిసారి చేసిన తప్పే మళ్లీ చేస్తున్నారా, కొత్త తప్పు చేస్తున్నారా? కొత్త తప్పు అయితే నేర్చుకుంటున్నట్టే. ఇంకోటి, కుర్రాడు ఎందుకు తడబడుతున్నాడో కోచ్‌కి తెలుసా? సైకిల్ లేకా, స్థానం కుదరకా, ఎడమకాలు పలక్కా? కారణం తెలిసి కూర్చోబెట్టడం వేరు, కోపంతో కూర్చోబెట్టడం వేరు.

డల్లాస్ అన్నయ్యా, నువ్వు వింటున్నావని తెలుసు. ఇంకో సీజన్ ఆగు.

దివిసీమ తమ్ముడూ, నువ్వు మాత్రం ఒక పని చెయ్యి. రేపు ప్రాక్టీసుకి పది నిమిషాలు ముందెళ్లు. కోచ్‌ని పక్కకి పిలిచి, "సార్, నన్ను ఎందుకు కూర్చోబెట్టారు, నేనేం మార్చుకోవాలి?" అని అడుగు. ఆయన సమాధానం చెప్పగలిగితే ఉండు, నేర్చుకో. "నీకు రాదు పో" అన్నాడనుకో, అప్పుడు కోచ్‌ని మార్చుకో. ఆటని మాత్రం మానొద్దు. ఒకే ఒక్క మాట చెప్పనా, ఆ బెంచ్ మీద నీకంటే ముందు బ్రాడ్‌షా కూర్చున్నాడు, తంగరాజ్ కూర్చున్నాడు.

ఆయన ఏమన్నాడో నాకు మెసేజ్ పెట్టు. మిగతావాళ్లు కూడా మీ ఊరి గ్రౌండ్‌లో మిమ్మల్ని నమ్మిన మాస్టారు ఎవరైనా ఉంటే చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.