శరీరానికి వెలుపలి అనుభవాలు: పౌలు మౌనం, నేటి పరిశోధన

ఉపోద్ఘాతం

మరణాపాయం నుండి బయటపడిన విశ్వాసి ఒకరు సంఘ కాపరి యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నా శరీరం మంచం మీద ఉండగా నేను పైనుండి చూశాను" అని చెబితే ఏమని జవాబివ్వాలి? వెంటనే సాక్ష్యానికి నిలబెట్టాలా? భ్రమ అని కొట్టివేయాలా? ఈ ప్రశ్న సంఘ చరిత్రకు కొత్త కాదు. ఆ చరిత్రను ఈ వ్యాసంలో క్లుప్తంగా పరిశీలిద్దాం.

1. ప్రాచీన కాలం

ప్లేటో తన 'రిపబ్లిక్' చివరి భాగంలో ఎర్ అనే సైనికుని కథ చెప్పాడు. యుద్ధంలో పడిపోయిన అతడు పన్నెండవ దినాన చితిమీద లేచి, తన ఆత్మ చూసిన పరలోక న్యాయతీర్పును వివరించాడట. ఆత్మ శరీరాన్ని విడిచి సంచరిస్తుందనే తలంపు గ్రీకులకు పరిచితమే.

అట్టి గ్రీకు పట్టణమైన కొరింథులోని సంఘానికి సుమారు క్రీ.శ. 55-56లో పౌలు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయం గమనార్హం. తన విరోధులు అతిశయించుచున్న సందర్భంలో ఆయన పదునాలుగేండ్ల క్రితపు అనుభవాన్ని వేరొకరిది అన్నట్టుగా ప్రస్తావించాడు. అది శరీరంతోనో, శరీరం లేకనో తనకు తెలియదని రెండుసార్లు ఒప్పుకున్నాడు. విన్నదానిని వెల్లడించలేదు. వెంటనే తన బలహీనతవైపు తిరిగాడు.

ఈ మౌనం కొందరికి రుచించలేదు. పౌలు చూసినవి ఇవేనంటూ 'పౌలు ప్రకటన' అనే కల్పిత గ్రంథం పుట్టింది. అగస్టీన్ దానిని తృణీకరించాడు. ఆదికాండముపై తన వ్యాఖ్యానపు పన్నెండవ భాగంలో పౌలు అనుభవాన్ని చర్చిస్తూ, కంటితో చూసేది, మనస్సులో రూపాలుగా కనబడేది, బుద్ధికి మాత్రమే అందేది అని దర్శనాలను మూడు విధాలుగా విభజించాడు. చూసినదానిని, దాని అర్థాన్ని వేరుచేసి పరీక్షించే అలవాటు సంఘానికి అంత పాతది.

2. ఆధునిక పరిశోధన

1975లో రేమండ్ మూడీ పుస్తకంతో మరణసమీప అనుభవాలు లోకప్రసిద్ధమయ్యాయి. 2001లో పిమ్ వాన్ లొమ్మెల్ బృందం నెదర్లాండ్స్‌లో గుండె ఆగి బ్రతికిన 344 మందిని పరిశీలించగా, 62 మంది అట్టి అనుభవాలు చెప్పారు. వీరిలోనూ శరీరం వెలుపల ఉన్నట్టు తోచినవారు సుమారు నాల్గవ వంతు మాత్రమే.

2002లో ఓలాఫ్ బ్లాంకె బృందం జెనీవాలో మూర్ఛరోగి ఒకరి మెదడు కుడివైపు భాగానికి విద్యుత్ ప్రేరణ ఇవ్వగా, ఆమె తన శరీరాన్ని పైనుండి చూసినట్టు చెప్పింది. 2014లో సామ్ పార్నియా బృందం ప్రచురించిన పరిశోధన మరొక మార్గం తొక్కింది. పైనుండి మాత్రమే కనబడే చిత్రాలను ఆసుపత్రి గదుల్లో ఎత్తుగా ఉంచారు. అయితే, చూసినవి స్పష్టంగా వివరించిన ఇద్దరికీ ఆ చిత్రాలు లేని చోట్లనే గుండె ఆగింది. పరీక్ష తేలలేదు.

మన దేశం సంగతి ఇంకొకటి. 1986లో సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్‌సన్ ప్రచురించిన 16 ఉదంతాలలో, దూతలు తీసుకుపోయి, పొరబాటున తెచ్చామని తిప్పిపంపారనే కథనం తరచు కనిపిస్తుంది. పాశ్చాత్యుల కథనాల్లో ఇది సాధారణం కాదు. అనుభవం నిజమే కావచ్చు, దాని రూపానికి మాత్రం పెరిగిన సంస్కృతి రంగు అద్దుతుంది.

3. కాపరులకు పాఠం

మెదడులో కారణం కనబడినంత మాత్రాన ఆత్మ లేదని రుజువు కాదు. అనుభవం కలిగినంత మాత్రాన పరలోకయాత్ర జరిగిందనీ రుజువు కాదు. ఆత్మ అమరత్వం గ్రీకుల నిరీక్షణ అనీ, మృతుల పునరుత్థానమే నూతన నిబంధన నిరీక్షణ అనీ ఆస్కార్ కుల్మాన్ 1955లో హార్వర్డ్ ప్రసంగంలో వాదించాడు. ఆ నిరీక్షణకు ఆధారం క్రీస్తు లేచుట, రోగుల కథనాలు కావు.

దీనిని మరచితే నష్టపోయేది బలహీనులే. ప్రమాదంలో గాయపడిన ఒక బాలుడు పరలోకం చూశాడంటూ 2010లో అమెరికాలో వెలువడిన పుస్తకాన్ని, తాను అక్కడికి వెళ్ళలేదని అతడే ప్రకటించిన తరువాత, 2015 జనవరిలో ప్రచురణకర్తలు ఉపసంహరించారు. పెద్దల ఆత్రుత ఆ చిన్నవాని మీద ఎంత భారం మోపిందో!

కనుక మేము సూచించేది ఇది. చెప్పేవారిని ఓపికగా వినండి, ఎగతాళి చేయవద్దు. అనుభవం పదేపదే కలిగితే వైద్యుని వద్దకు పంపండి. వేదిక ఎక్కించడానికి తొందరపడవద్దు. అదే ఆసుపత్రిలో ఏ వెలుగూ చూడక, చీకటిలో నుండి లేచి వచ్చిన విశ్వాసి కూడా మన సంఘంలో కూర్చుంటాడు. అతని విశ్వాసం తక్కువ కాదని అతనికి మనమే చెప్పాలి.