డిజిటల్ రంగు ఫొటోలను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చడం

రంగుల్లో తీసిన డిజిటల్ ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కు మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో పిక్సెల్‌కు ఉండేది ఒకటే అంకె. ఆ మూడింటినీ ఒకటి చేసే లెక్క పేరే బ్లాక్ అండ్ వైట్ మార్పిడి. లెక్క ఇలాగే కట్టాలన్న శాసనమేమీ లేదు. ఒకే ఫొటో నుంచి పదిమంది పది రకాల బ్లాక్ అండ్ వైట్ బొమ్మలు తీయవచ్చు, పదీ ఒప్పే కావచ్చు. ఫోన్‌లో వేలు తాకిస్తే అయిపోయే ఈ పనికి దాదాపు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో పెద్ద భాగం డిజిటల్ కెమెరా పుట్టక ముందే నడిచింది.

ఫిల్మ్ కాలం

పంతొమ్మిదో శతాబ్దపు ఫొటో పలకలు నీలం కాంతికి, అతినీలలోహిత కాంతికి తప్ప దాదాపు దేనికీ స్పందించేవి కావు. నీలాకాశం ప్రింటులో రాతలేని కాగితంలా తెల్లగా వచ్చేది. చెట్ల ఆకులు, ఎర్రమట్టి, ఎర్రచీర నల్లబడేవి. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కాలం నాటి కోటల, మహళ్ల ఫొటోల్లో మబ్బు తునక లేని ఆకాశం అంత తరచుగా కనిపించడానికి ప్రధాన కారణం పలక గుణమే. అంటే రంగును బూడిద ఛాయగా మార్చే నిర్ణయం అప్పట్లో ఫొటోగ్రాఫర్‌ది కాదు, రసాయనానిది.

1873లో బెర్లిన్‌లో హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే పలకకు ఆకుపచ్చ కూడా అందుతుందని కనిపెట్టాడు. ఆర్థోక్రొమాటిక్ పలకలు అలా వచ్చాయి. ఎరుపు మాత్రం వాటికీ అందలేదు. మూకీల నాటి తారల పెదవులు నల్లగా పడటం దీనివల్లే. (డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద ప్రింటు కాగితాన్ని నిర్భయంగా పట్టుకోగలగడానికీ ఇదే కారణం: ఆ కాగితానికి ఎరుపు కనబడదు.) అన్ని రంగులూ అందే పాంక్రొమాటిక్ పలకలను ఇంగ్లండ్‌లోని రాటెన్ అండ్ వైన్‌రైట్ సంస్థ 1906లో అమ్మకానికి పెట్టింది.

రంగులన్నీ అందడం మొదలయ్యాక ఏ రంగును ఎంత రానివ్వాలో ఎంచుకునే వీలు కలిగింది. లెన్సు ముందు పసుపు గాజు పెడితే నీలం కాస్త తగ్గి ఆకాశంలో మబ్బులు తేలుతాయి. ఎర్రగాజు పెడితే ఆకాశం నల్లబడుతుంది. 1927 ఏప్రిల్‌లో అమెరికాలోని యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ కొండ ఎదుట ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ చేసింది ఇదే. పసుపు ఫిల్టర్‌తో ఒక పలక తీశాడు. తన మనసులోని ఆకాశం అందులో రాదని తోచి, మిగిలిన ఒక్క పలకను ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశాడు. 'మోనోలిత్' పేరుతో ప్రసిద్ధమైన ఆ ఫొటోలో పట్టపగటి ఆకాశం చీకటిలా ఉంటుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో నీలం స్లైడర్‌ను కిందికి లాగితే జరిగేది అదే. తేడా ఒకటే: ఆడమ్స్ షట్టర్ నొక్కక ముందే నిర్ణయించుకోవాలి, తప్పితే దిద్దుకోవడానికి ఇంకో పలక లేదు.

టీవీ ఇచ్చిన అంకెలు

నేటి ప్రోగ్రాముల్లో ఎక్కువగా కనిపించే సూత్రం ఫొటోగ్రఫీలోంచి రాలేదు, టీవీలోంచి వచ్చింది. అమెరికా 1953లో రంగుల ప్రసారాలకు ఆమోదం ఇచ్చేనాటికి అక్కడ ఇళ్లలో ఉన్నవి బ్లాక్ అండ్ వైట్ సెట్లు. వాటిని పారేయమనలేరు. అందుకని వెలుగు సమాచారాన్ని ఒక పాయగా, రంగు సమాచారాన్ని మరో పాయగా విడదీసి పంపారు. పాత సెట్టు మొదటిది తీసుకుని రెండోదాన్ని వదిలేసేది. వెలుగు పాయను కట్టిన లెక్క ఇది: ఎరుపులో 0.299 వంతు, ఆకుపచ్చలో 0.587 వంతు, నీలంలో 0.114 వంతు కలపాలి.

ఆకుపచ్చకు అంత పెద్దపీట వేయడం మన కంటిని బట్టి. పగటి వెలుతురులో మనిషి కన్ను 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చని ఆకుపచ్చకు అన్నింటికంటే చురుగ్గా స్పందిస్తుందని 1924లోనే అంతర్జాతీయ ప్రమాణంగా నమోదైంది. నీలం ఎంత నిండుగా ఉన్నా కంటికి చీకటిగానే తోస్తుంది.

భారతదేశంలో 1982లో దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది. ఇక్కడి 'పాల్' అనే ప్రసార పద్ధతిలోనూ వెలుగు లెక్క అదే. ఆ తర్వాత చాలా ఏళ్లు మన ఊళ్లలో, డాబా మీద యాంటెనా తిప్పుకుంటూ చూసిన బ్లాక్ అండ్ వైట్ టీవీలు ప్రతి రాత్రీ చేస్తూ వచ్చింది రంగు నుంచి నలుపు తెలుపుల్లోకి మార్పిడే. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే. జేపెగ్ ఫొటోలు కూడా ఇదే పద్ధతిలో వెలుగును, రంగును విడివిడిగా దాచుకుంటాయి.

సెన్సర్‌కు రంగు రాదు

డిజిటల్ బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లోనే పుట్టింది. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. దాని కొలత 176 పిక్సెళ్లు అడ్డం, 176 నిలువు. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా కూడా 100కి 100 పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మే తీసింది. ఒక్కో బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది.

సెన్సర్‌కు స్వతహాగా రంగు తెలియదు. ఎంత కాంతి పడిందో మాత్రమే చెబుతుంది. దానికి రంగు చూపించిన ఉపాయం కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్‌ది, 1976లో పేటెంటు వచ్చింది. పిక్సెళ్ల మీద బుల్లి రంగు ఫిల్టర్లు గళ్లుగా పరిచాడు: సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది, మిగిలిన రెండూ పక్కవాటిని చూసి అంచనా కట్టినవి. కాబట్టి నేటి కెమెరాతో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయడమంటే చుట్టూ తిరిగి ఇంటికి రావడం లాంటిది: నలుపు తెలుపు సెన్సర్‌కు రంగు అద్ది, ఆ రంగును మళ్లీ తీసివేయడం.

మిరపచెట్టు ముందు నిలబడి

లెక్క మారితే బొమ్మ ఎంత మారుతుందో పండుమిరప కాయల చెట్టు దగ్గర తెలుస్తుంది. కాయ రంగు ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 30 అనుకుందాం. ఆకు 60, 110, 40. టీవీ లెక్క కడితే కాయ 81, ఆకు 87. ఎర్రగా మెరిసే కాయ ఆకుల్లో కలిసిపోయి కనబడకుండా పోయింది! ఎరుపు ఛానెల్, అంటే ఎరుపు అంకె, ఒక్కటే తీసుకుంటే కాయ 200, ఆకు 60: నల్లని ఆకుల మధ్య కాయలు దీపాల్లా వెలుగుతాయి. ఆకుపచ్చ ఛానెల్‌లో కాయ 30, ఆకు 110: ఈసారి లేత ఆకుల మీద నల్లకాయలు. చెట్టు ఒకటే, ఎండ ఒకటే.

ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఉన్న చోటల్లా ఈ చిక్కు వస్తుంది. ఎర్ర పట్టుచీర, ఆకుపచ్చ అంచు కలిసి ఒకే బూడిద గుడ్డగా మారిన పెళ్లిఫొటోలు పత్రికల లోపలి పేజీల్లో చూడనివాళ్లు తక్కువ.

సాఫ్ట్‌వేర్ దారులు

ఫొటోషాప్ మూలం కూడా ఒక విధంగా ఇక్కడే ఉంది. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి థామస్ నోల్, తన నలుపు తెలుపు మాకింటాష్ తెర మీద బూడిద ఛాయలు చూపించడానికి రాసుకున్న ప్రోగ్రామే పెరిగి పెద్దదై, 1990 ఫిబ్రవరిలో ఫొటోషాప్‌గా మార్కెట్లోకి వచ్చింది.

అందులో చాలామంది మొదట పట్టుకునేది డీశాచురేట్. దీనంత నాసి దారి మరొకటి లేదు. మూడు అంకెల్లో పెద్దదీ చిన్నదీ తీసుకుని సగం చేస్తుంది, కంటి ఊసే ఎత్తదు. నిండు పసుపు, నిండు నీలం రెండూ దాని లెక్కలో ఒకే బూడిద అవుతాయి. వెలుగును, రంగును వేరుచేసే 'ల్యాబ్' పద్ధతిలోకి మార్చి వెలుగు ఛానెల్‌ను మాత్రం ఉంచుకోవడం దానికంటే నయం. ఛానెల్ మిక్సర్ వచ్చాక మూడు రంగుల పాళ్లనూ చేత్తో కలుపుకునే వీలు దొరికింది. ఆడమ్స్ గాజు ఫిల్టర్లు తెర మీదికి వచ్చింది అప్పుడే అనాలి.

2007 మలుపు. ఫొటోషాప్ సీఎస్3లో ఆరు రంగులకు ఆరు స్లైడర్లతో బ్లాక్ అండ్ వైట్ సాధనం వచ్చింది. అదే ఏడాది మొదలైన లైట్‌రూమ్‌లోనూ రంగువారీ సర్దుబాటు ఉంది. అందులో ఇప్పుడున్న ఎనిమిది స్లైడర్లలో నారింజది చాలా పనికొస్తుంది: చామనఛాయ అయినా తెలుపైనా మనిషి చర్మం ఎక్కువగా నారింజ వైపే ఉంటుంది కాబట్టి, దాన్ని కొంచెం పైకి జరిపితే ముఖం వెలుగుతుంది, చీర కదలదు. నీలాన్ని మాత్రం అతిగా కిందికి లాగకూడదు. ఆకాశం నల్లబడటంతో పాటు మచ్చలు తేలుతాయి, కొండ అంచు వెంట తెల్లని గీత పడుతుంది.

ఇంకో సూక్ష్మం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఫైల్లోని అంకెలు కాంతి అసలు కొలతలు కావు, తెరకు అనువుగా వంచినవి. వాటిని అలాగే తూకం వేస్తే నిండు నీలం 29 వస్తుంది. ముందు అసలు కాంతి కొలతల్లోకి మార్చి, నేటి తెరల ప్రమాణమైన 0.2126, 0.7152, 0.0722 తూకాలతో కలిపి, తిరిగి వంచితే అదే నీలం 76.

పరిశోధకులకు చిక్కిన సూర్యుడు

చిత్రకారుడు క్లోద్ మోనే 1872 నాటి సూర్యోదయ చిత్రంలో నారింజ సూర్యుడికీ చుట్టూ ఉన్న బూడిద నీలి ఆకాశానికీ వెలుగు దాదాపు సమానం. వెలుగు లెక్క ప్రకారం మారిస్తే సూర్యుడు మాయమవుతాడు. రంగుల తేడాను వెలుగు తేడాగా మలిచే లెక్కల కోసం కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఇలాంటి బొమ్మలనే పరీక్షకు పెట్టారు. 2005లో గూచ్ బృందం ప్రకటించిన 'కలర్‌టుగ్రే' ఆ వరసలో పేరు పొందింది. ఫొటోగ్రాఫర్లు వీటి జోలికి అంతగా పోలేదు. సూర్యుణ్ణి ఎంత వెలిగించాలో తామే తేల్చుకోవాలనుకునేవాళ్లు ఆ పని లెక్కకు అప్పగించరు.

రంగుల నుంచి నలుపు తెలుపులకు దారులు ఇన్ని ఉన్నా, వెనక్కి రావడానికి ఒక్కటీ లేదు. 1957 నాటి 'మాయాబజార్'ను హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేసినప్పుడు, ప్రతి చీరకూ నగకూ రంగును మనుషులే నిర్ణయించాల్సి వచ్చింది. ఫిల్మ్ మీద మిగిలినది బూడిద ఛాయ ఒక్కటే.

సినిమాల్లో, కెమెరాల్లో

2018లో విడుదలైన అల్ఫోన్సో క్వారోన్ సినిమా 'రోమా' రంగుల డిజిటల్ కెమెరాతో తీసి తర్వాత మార్చినదే. ఫొటోగ్రఫీలో సెబాస్టియావో సాల్గాడో 2008లో డిజిటల్‌కు మారాక, ఫైళ్లకు తనకు అలవాటైన ట్రై-ఎక్స్ ఫిల్మ్ తీరు తెప్పించి, వాటి నుంచి నెగటివ్‌లు తయారుచేయించి ప్రింట్లు వేయించాడు.

2012లో లైకా సంస్థ 'ఎం మోనోక్రోమ్' అనే కెమెరా తెచ్చింది. 18 మెగాపిక్సెళ్ల సెన్సర్ మీద బేయర్ గళ్లు లేవు. గళ్లు మింగే కాంతి మిగలడం, పక్క పిక్సెళ్లను చూసి అంచనా కట్టే పని లేకపోవడం వల్ల బొమ్మ మరింత పదునుగా వస్తుంది. 2023లో పెంటాక్స్ కూడా అలాంటిదే తెచ్చింది. వీటి ఫైళ్లలో స్లైడర్‌తో జరపడానికి రంగే లేదు. ఆకాశం నల్లగా కావాలంటే, మిరపకాయ ఆకుల్లోంచి వెలగాలంటే, షట్టర్ నొక్కక ముందే లెన్సుకు ఎర్రగాజు బిగించుకోవాలి.