రూ. అ. పై. లెక్కలు

1957 ఏప్రిల్ 1న నయా పైసలు చెలామణీలోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి సరిగ్గా ఐదు నెలలు. గుడివాడ తాలూకాలో మా ఊరి బడిలో నేను ఐదో తరగతి ముగిస్తున్నాను. మన సభ్యులలో పెద్దవారందరూ పలక మీద రూ. అ. పై. అని మూడు గడులు గీసుకున్నవారే. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. ఈ తరం వారి కోసం ఒక లెక్క చేసి చూపుతాను.

వీశె చింతపండు 1 రూపాయి 5 అణాల 6 పైసలు. 7 వీశెలు ఎంత? ముందు కుడివైపు గడి. ఏడు ఆర్ల నలభై రెండు. 12తో భాగిస్తే 3 అణాలు, మిగులు 6 పైసలు. ఏడు అయిదుల ముప్ఫై అయిదు, చేతిలోని 3 కలిపితే 38 అణాలు. ఇప్పుడు 16తో భాగించాలి: 2 రూపాయలు, మిగులు 6 అణాలు. ఏడొకట్ల ఏడు, రెండు కలిపితే తొమ్మిది. జవాబు 9 రూపాయల 6 అణాల 6 పైసలు. తూకంలో పలాలు కూడా ఉంటే వీశెకు 40 పలాల చొప్పున మరో భాగహారం!

కొత్త పద్ధతిలో ఈ బాధ పోయింది. కాని మార్పిడి దగ్గర చిక్కు వచ్చింది. అణాకు లెక్క ప్రకారం ఆరుంబావు నయా పైసలు. పావు పైసా నాణెం లేదు కనుక అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేశారు. పావలాల్లో బేరం చేసేవారికి పేచీ లేదు. అణా చొప్పున పదహారు సార్లు మార్చుకున్నవాడికి మాత్రం చేతికొచ్చేది 96 నయా పైసలే. ఆ నాలుగు పైసలు పోగొట్టుకునేది ఎప్పుడూ చిల్లరగా బతికేవాడే.

అందుకే మా మాస్టారు మొత్తం పాత లెక్కలో కట్టి, చివర ఒక్కసారే మార్చమనేవారు. పై లెక్కనే చూడండి. చివర మారిస్తే 9 రూపాయల 41 పైసలు. ముందే వీశె ధరను 1 రూపాయి 34 పైసలుగా మార్చి ఏడుతో హెచ్చిస్తే 9 రూపాయల 38. మూడు పైసల తేడా ఎక్కడిదో పిల్లలకు ఇంతకన్నా బాగా చెప్పే లెక్క నాకు దొరకలేదు.

1964 జూన్ 1 నుంచి ‘నయా’ అన్న మాట తీసేశారు. 2011 జూన్ ఆఖరుతో పావలా కాసు కూడా చెల్లకుండా పోయింది. వడ్డీ మాటల్లో మాత్రం పావలా ఉండిపోయింది. పొదుపు సంఘాల ‘పావలా వడ్డీ’ అంటే నూటికి నెలకు 25 పైసలు. పన్నెండు నెలలకు 3 రూపాయలు, అంటే 3 శాతం. అదే లెక్కన ఊళ్ళో ‘రెండు రూపాయల వడ్డీ’ ఏడాదికి 24 శాతం. బెజవాడ కుర్రవాళ్ళను అడిగి చూశాను. ఎక్కువమంది 2 శాతమే అన్నారు.